బెల్లం సంగతి తర్వాత, ముందు ఆ ముసలామె సంగతి

ప్రశ్న: నేను పరకాల దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మొన్న మార్చిలో మా ఆరేళ్ల బాబుకు చికెన్‌పాక్స్ వచ్చింది. మా అత్తమ్మ "తల్లి పోసింది, దవాఖానకు తీసుకపోతే తల్లికి కోపమొస్తది" అని అడ్డం పడింది. నేను వినకుండా హనుమకొండ తీసుకుపోయి చూపించాను, తగ్గింది. నాకు తెలియకుండా ఆమె మేడారం సమ్మక్కకు మొక్కిందట, బాబు నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, ఇస్తానని. సెప్టెంబరు 7న చంద్రగ్రహణం రోజు, ఏడో నెలతో ఉన్న మా ఆడబిడ్డను మధ్యాహ్నం నుంచి ఏమీ తిననీయలేదు, రాత్రి కదలకుండా పడుకోబెట్టింది. తర్వాత పాప బాగానే పుట్టింది. "చూసినవా, నా మాట విన్నందుకే" అంటుంది. వాడకట్టులో ఒక ముసలామె కండ్లల్ల పడ్డందుకే బాబుకు తల్లి పోసిందని కూడా అంటుంటుంది. అవన్నీ సరే. ఇప్పుడు జనవరి జాతరలో బాబును తూకం వేయాలట. "నయం చేసింది డాక్టరైతే బెల్లం సమ్మక్కకా?" అని అడిగినందుకు నెల రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మా మరిది రోజూ వాట్సాప్‌లో "మన ఆచారాల వెనక సైన్స్" అని ఏదో ఒకటి పంపుతాడు. బడిలో పిల్లలు "టీచర్, మీరు మేడారం పోతరా?" అంటే నోరు పెగల్లేదు. సైన్స్ చెప్పే నేను పోతే అది రెండు నాల్కల ధోరణి కాదా?
— ఒక సైన్స్ టీచర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ బెల్లమే కనబడింది. రెండోసారికి గానీ ఆ ముసలామె కనబడలేదు. "అవన్నీ సరే" అని మీరు దాటేసి వెళ్లిపోయిన చోట ఆమె నిలబడి ఉంది. ఆమె దగ్గరికి వస్తాను. కానీ ముందు చికెన్‌పాక్స్ సంగతి మాట్లాడుకోవాలి. ఆమె మీదికి నింద వెళ్లే దారి అక్కడే మొదలైంది.

"నయం చేసింది డాక్టర్" అని రాశారు. బయాలజీ టీచర్ రాయాల్సిన మాటేనా ఇది అని కాసేపు నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. వేరే జబ్బేదీ లేని ఆరేళ్ల పిల్లవాడికి చికెన్‌పాక్స్ మామూలుగా దానంతట అదే తగ్గుతుంది. డాక్టర్ ఏం రాసి ఉంటారు? జ్వరానికి పారాసిటమాల్, దురదకు కాలమైన్ లోషన్, గోళ్లు కత్తిరించమని ఒక మాట. వైరస్ మీద పనిచేసే ఎసైక్లోవిర్ లాంటి మందు ఎక్కువగా పెద్దవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇస్తారు. మీ బాబు పొక్కులు ఎండి చెక్కులు కట్టాయంటే ఆ పని చేసింది వాడి ఒళ్లే. తనంతట తగ్గే రోగం పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు పేరొస్తుంది. అత్తమ్మ సమ్మక్క పేరు చెప్పింది, మీరు డాక్టర్ పేరు చెప్పారు. ఇద్దరూ వాడిన తర్కం ఒక్కటే: ముందు ఇది చేశాం, తర్వాత తగ్గింది, కాబట్టి దీనివల్లే తగ్గింది.

అలాగని దవాఖానకు తీసుకుపోవడం తప్పన్నట్టు కాదు, నూటికి నూరుపాళ్లు సరైన పని చేశారు. పొక్కులకు చీము పట్టినా, ఊపిరితిత్తులకు నెమ్ము చేరినా, అరుదుగా మెదడుకు వాపు వచ్చినా కనిపెట్టగలిగేది డాక్టరే. జ్వరమని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ బిళ్ల వేస్తే, చికెన్‌పాక్స్ ఉన్న పిల్లల్లో కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని చెప్పేదీ డాక్టరే. ఇంకో మాట. బాబుకు పోసినప్పుడే గనక మీ ఆడబిడ్డ కడుపుతో మీ ఇంట్లో ఉండి, ఆమెకు చిన్నప్పుడు ఈ రోగం రాకుండా ఉండి ఉంటే, అది నిజంగా భయపడాల్సిన విషయం అయ్యేది. గర్భిణులకు అది గట్టిగా వస్తుంది, మొదటి నెలల్లో అయితే కడుపులో బిడ్డకూ ముప్పు. గ్రహణానికి పడిన భయంలో కాస్త దీనికి దాచుకోవాలి.

ఇక అత్తమ్మ ఏం చేసి ఉంటుందో నేను ఊహించగలను. మా ఇంట్లో మా అమ్మ చేసిందే. గడపకు వేపమండలు కట్టడం, పిల్లవాణ్ని వేరే అర్రలో పడుకోబెట్టడం, బయటివాళ్లను రానీయకపోవడం, ఇంట్లో తాలింపు పెట్టకపోవడం, వేపాకుతో మెల్లగా నిమరడం. ఇందులో వైరస్‌ను చంపేది ఏదీ లేదు. కానీ మనిషిని వేరుగా ఉంచడం ఉంది చూశారూ, అది ఇవాళ్టి డాక్టరూ చెప్పేదే. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ చెక్కు కట్టేదాకా ఈ రోగం అంటుకుంటుంది. "తల్లి అంటుకుంటది" అని మీ అత్తమ్మకు తెలుసు. ఎలా అంటుకుంటుందో మీకు తెలుసు. మీ ఇద్దరి మధ్య దూరం మీరు అనుకున్నంత లేదు. కాకపోతే ఆమె వైపు లెక్కలో ఒక బరువైన తప్పుంది. పెద్దమ్మవారికి, అంటే మశూచికి, పెట్టిన కట్టుబాట్లనే చిన్నమ్మవారికీ పెట్టి, దవాఖాన వద్దనడం. మశూచి రోజుల్లో దవాఖానకు పోయినా దానికి మందు లేదు. సోకిన ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురు పోయేవారు. చేతిలో ఏమీ లేనప్పుడు తల్లికి దండం పెట్టుకోవడం తప్ప ఆ తల్లులు ఇంకేం చేస్తారు?

ఆ మశూచి మన దేశంలో చివరిసారి కనబడింది 1975లో. ప్రపంచం మొత్తం మీద లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోగొట్టింది టీకా. సూదులు పట్టుకుని ఊరూరూ, ఇల్లిల్లూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు. ఇందులో వాదన లేదు. ఐతే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి. మశూచి పోయి యాభై ఏళ్లయింది, పోచమ్మ గుడికి బోనాలు ఆగలేదు. దేవత కేవలం రోగానికి చెప్పుకున్న ఒక కారణమే అయితే, రోగం పోయిన రోజే ఆమె కూడా పోవాలి కదా. పోలేదు. అంటే జనం ఆమె దగ్గరికి వెళ్లేది వైరాలజీ కోసం కాదు. ఇది మీ మరిదికి ఎంత అర్థం కాలేదో, మన్నించండి, మీకూ అంతే అర్థం కాలేదు. ఆయన భక్తికి సైన్స్ సర్టిఫికెట్ కావాలంటాడు, మీరు సర్టిఫికెట్ లేదు కాబట్టి చెల్లదంటారు.

మీ మరిది మెసేజీల మీద ఎక్కువ సమయం పెట్టకండి. నాకూ వస్తాయి. వేపగాలికి వైరస్ చస్తుందని ఒకటి, రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలడం వెనక మనకు తెలియని శక్తి ఉందని ఒకటి. రామప్ప మనకు పక్కనే ఉంది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది కూడా. ఆ శిఖరం ఇటుకలు నిండా సన్నటి రంధ్రాలతో ఉంటాయి, అందుకే నీళ్లకంటే తేలిక. కింద గోడల మీద బరువు పడకుండా 1213 నాటికే అలా కాల్చగలిగారంటే, ఆ కుమ్మరుల చేతికి దండం పెట్టాలి. దానికి మాయాశక్తి అంటగడితే వాళ్ల పనితనాన్ని మనమే కాజేసినట్టు. ఈ ఒక్క సంగతి ఆయనకు చెప్పి చూడండి. వినకపోతే మ్యూట్‌లో పెట్టండి.

గ్రహణం సంగతి మాత్రం తేలిగ్గా వదలను. మన భాషే మనల్ని పక్కదారి పట్టించింది. పుట్టుకతో పెదవి చీలి ఉంటే దానికి మనం పెట్టిన పేరే గ్రహణం మొర్రి. పేరులోనే కారణం రాసేశాం, ఇక వేరే కారణం వెతికేదెవరు? నిజానికి కడుపులో బిడ్డ పై పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంగిలి తొమ్మిదో వారానికల్లా మూసుకుంటుంది. చాలామందికి తాము కడుపుతో ఉన్నామని అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. మీ ఆడబిడ్డకు అప్పుడు ఏడో నెల. ఆ పాప పెదవి అతుక్కుని నెలలు గడిచాయి. సెప్టెంబరు 7 రాత్రి 9.57కు భూమి నీడ చంద్రుడి మీద పడటం మొదలై 1.26కు తొలగింది. ఆ నీడ పడింది చంద్రుడి మీద, మీ ఇంటి మీద కాదు. "నా మాట విన్నందుకే" అన్నదానికి జవాబు కోపంతో చెప్పకండి, ఒక ప్రశ్న వేయండి: "అత్తమ్మా, ఆ రాత్రి మాట విననోళ్లకు ఎట్ల పుట్టిన్రు?" అని. గ్రహణం పట్టించుకోని ఇళ్లలో ఆ రాత్రి గర్భిణులు ఎందరో అన్నం తిన్నారు, నీళ్లు తాగారు, అటూ ఇటూ తిరిగారు. వాళ్లతో పోల్చకుండా మన ఇంట్లో జరిగిన ఒక్కదాన్ని పట్టుకుని ఏదైనా నిరూపించవచ్చు. మీరు ఎనిమిదో తరగతికి మొలకల ప్రయోగంలో రెండు కుండీలు పెట్టిస్తారు కదా, ఒకటి వెలుగులో, ఒకటి చీకట్లో. అత్తమ్మ ఒక్క కుండీయే పెట్టింది. ఏడో నెల గర్భిణిని పూట పస్తు ఉంచడం మాత్రం ఏ రకంగా చూసినా మంచిది కాదు, షుగర్ ఉన్నవాళ్లకైతే ప్రమాదం. మళ్లీ గ్రహణం వచ్చినప్పుడు ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. పడుకోమంటే పడుకోనివ్వండి, పడుకుంటే పోయేదేమీ లేదు. పస్తు మాత్రం వద్దనండి.

ఈ తేడా ఎందుకు చూపిస్తున్నానంటే, మీ వయసులో నేనున్నప్పుడు నాకు ఈ తేడా తెలియదు. 1995 సెప్టెంబరు 21, గురువారం. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా ఊగిపోయిన రోజు. హనుమకొండలో గుళ్ల ముందు గిన్నెలు, చెంచాలు పట్టుకుని బారులు. మా అమ్మ కూడా పోయి పోసి వచ్చింది, ముఖం వెలిగిపోతోంది. నేను అప్పటికి ఫిజిక్స్ లెక్చరర్‌ని, పైగా కొత్త ఉత్సాహం. వంటింట్లో రోలు పొత్రం తెచ్చి నడింట్లో నిలబెట్టి, నిండు చెంచా పాలు దానికి ఆనించాను. అదీ తాగింది! తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి రాయి మీదికి లాగబడి, పల్చటి పొరగా కిందికి జారిపోతాయి. తెల్లరాయి మీద, తడి రాయి మీద ఆ పొర కంటికి ఆనదు. ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి అదే చూపించారు. నేను పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించాను. అమ్మ ఒక్కటే మాట అన్నది: "పొత్రం తాగితే తాగనియ్యి. నేను పోసింది దేవునికి." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా భౌతికశాస్త్రంలో తప్పేమీ లేదు. ఇవాళ అడిగినా అదే ప్రయోగం చేసి చూపిస్తాను, క్లాసులో. కానీ ఆ రోజు పాలు పోసినందుకు ఎవరికీ ఏమీ కాలేదు, అరగ్లాసు పాలు తప్ప. పక్కింటివాళ్ల ముందు అమ్మను తక్కువ చేయడానికి నాకు సైన్స్ సాకుగా దొరికింది, అంతే.

కాబట్టి బెల్లం. మొక్కు అంటే భయపడిన ఒక నాయనమ్మ రాత్రిపూట ఇచ్చిన మాట. ఆమె దేవతకు ఇచ్చుకుంది, చెల్లించుకోనివ్వండి. ఆరేళ్ల పిల్లవాడు 20 కిలోలు తూగుతాడేమో. ఆ డబ్బు మీ ఇంటికి భారమైతే అది డబ్బు మాట, అలాగే మాట్లాడుకోండి, దాన్ని సైన్స్ మాట చేయకండి. "నయం చేసింది ఎవరు" అనే లెక్క తేలితేనే బెల్లం ఇవ్వాలంటే, పైన చెప్పుకున్నట్టు, మీ డాక్టర్‌కు ఇచ్చిన ఫీజు కూడా వాపసు అడగాలి.

మీరు పోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. సమ్మక్క కాకతీయ రాజుతో కప్పం కోసం పోరాడిన ఆదివాసీ వీరనారి కాబట్టి సైన్స్ టీచర్ కూడా నిక్షేపంగా పోవచ్చు అని చాలామంది సర్దిచెబుతారు. నాకు ఆ సర్దుబాటు నచ్చదు. విగ్రహం లేని గద్దెల దగ్గర, చిలకలగుట్ట మీంచి కోయ పూజారులు కుంకుమ భరిణెగా తెచ్చే తల్లికి లక్షల మంది చేతులెత్తేది చరిత్ర పాఠం గుర్తొచ్చి కాదు. అది భక్తి. మీకు ఆ భక్తి లేకపోయినా మీ వాళ్లతో నడవొచ్చు. పెళ్లికి పోయిన ప్రతివాడికీ మంత్రాలకు అర్థం తెలుసా? 2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర. పోతే జంపన్న వాగు నీళ్లు బాబు నోట్లోకి పోకుండా చూడండి, తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

రెండు నాల్కల ధోరణి అంటే క్లాసులో వైరస్ అని చెప్పి, ఇంట్లో పిల్లవాడికి జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోకపోవడం. మీరు దానికి ఎదురు చేశారు. పిల్లలు మళ్లీ అడిగితే సాఫీగా చెప్పండి: "పోతున్న. మా అత్తమ్మ మొక్కున్నది. కానీ చికెన్‌పాక్స్ ఎందుకొస్తది అని పరీక్షలో అడిగితే వైరస్ అని రాయాలె, లేకపోతే సున్నా." వాళ్లకు ఇది అర్థమవుతుంది. వాళ్లూ ఆ ఇళ్ల నుంచే వస్తారు.

ఇప్పుడు ఆ ముసలామె.

మీరు పుట్టి పెరిగింది ఈ వైపే అయితే నేను వివరంగా చెప్పక్కర్లేదు. "కండ్లల్ల పడ్డడు" అన్నది మొదటి మెట్టు. ఇంకో ఇంట్లో ఇంకో పిల్లవాడికి జ్వరమొస్తే "ఆమెకు ఏదో వచ్చు" అవుతుంది. ఒక బర్రె చస్తే "బాణామతి" అవుతుంది. మన పల్లెల్లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో పళ్లు ఊడగొట్టారు, చెట్టుకు కట్టేసి కొట్టారు, కాల్చి చంపారు. బలైనవాళ్లు చాలాసార్లు ఒంటరివాళ్లు, వయసు మళ్లినవాళ్లు, వెనక ఎవరూ లేనివాళ్లు. వీటిలో ఎన్నో ఇలాగే, ఎవరో ఒక నాయనమ్మ మంచం పక్కన కూర్చుని మామూలుగా అన్న మాటతో మొదలై ఉంటాయి. మీ అత్తమ్మ చెడ్డది కాదు, నాకు తెలుసు. అందుకే ఇది ఇంకా ప్రమాదం. చెడ్డవాళ్లు అంటే జనం అనుమానిస్తారు, మంచివాళ్లు అంటే నమ్ముతారు.

మూఢనమ్మకాల మీద మహారాష్ట్రలో ఏళ్ల తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన అడిగిన చట్టం ఆయన పోయాక అదే ఏడాది వచ్చింది. అది భజనను, యాత్రను, గుడి ప్రదక్షిణను ముట్టుకోదు. మంత్రాల పేరుతో మనిషిని హింసించడం, మోసం చేయడం లాంటివాటినే నేరం చేసింది. అంత మొండిగా నిలబడిన హేతువాది గీసిన గీత అది. మీరు గీత బెల్లం దగ్గర గీసి, ముసలామెను అవతల వదిలేశారు.

మీ బయాలజీ పనికొచ్చేది ఇక్కడ. చికెన్‌పాక్స్ వైరస్ ఒంట్లో చేరిన రోజు నుంచి పొక్కులు కనబడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. క్యాలెండర్ తీసి అత్తమ్మ పక్కన కూర్చోండి. బాబుకు మొదటి పొక్కు కనబడిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజుల్లో వాడి తరగతిలో ఎవరికి పోసింది, ఏ పెళ్లికి పోయారు, ట్యూషన్‌లో పక్కన కూర్చున్న పిల్లవాడు ఎన్ని రోజులు బడికి రాలేదు, అడగండి. "తల్లి అంటుకుంటది" అని ఆమెకు తెలుసన్నాను కదా, ఆ మాటనే ఆమెకు గుర్తుచేయండి: "అంటుకునేదైతే ఎవరో పోసినోళ్ల దగ్గర్నుంచే అంటుకోవాలె గదా అత్తమ్మా, ఆ అవ్వకు ఒంటి మీద ఒక్క పొక్కన్న ఉండెనా?" ఆ పిల్లవాడు ఎవరో తెలిస్తే, నింద వాడి ఇంటి మీదికి పోకుండా చూసుకోండి మళ్లీ. "మా మనవడికే ఎందుకు రావాలె" అన్న ప్రశ్నకు మీరు ఇంతవరకూ ఆమెకు జవాబు ఇవ్వలేదు, వైరస్ పేరు చెప్పి ఊరుకున్నారు. ఆ ఖాళీలోకే ముసలామె వచ్చి నిలబడింది.

నెల రోజులుగా మాటల్లేవన్నారు కాబట్టి ముందు మొక్కు విషయంలో మీరే తగ్గండి, తర్వాత ఈ మాట ఎత్తండి. వరస తప్పితే రెండూ చెడతాయి. ఈలోగా బాబును వెంటబెట్టుకుని ఆ అవ్వ గడప తొక్కండి, అందరూ చూసేలా, పగటిపూట. ఆమె వాడి తల నిమిరితే నిమరనివ్వండి. వాడకట్టులో ఇంకెవరైనా ఆ మాట అంటున్నారని తెలిస్తే, మగవాళ్ల నోట్లో పడిందని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. సర్పంచ్‌కు, పోలీసులకు చెప్పండి, 112కు ఫోన్ చేయండి. అప్పుడు ఇంటి పరువు, అత్తమ్మ పేరు అని చూడకండి.

మేడారం నుంచి వచ్చాక బంగారం ఇల్లిల్లూ పంచుతారు కదా. ఈసారి మొదటి ముక్క ఆ అవ్వ ఇంటికి పోవాలని అత్తమ్మను ఒప్పించండి. డబ్బా ఆమె చేతికే ఇచ్చి మీరు వెనక నడవండి.